తోస్తేనే తిరిగే గుర్రాలు

ఆగస్టు 12, బుధవారం

లిందెవెల్దె చేరాం. తిరునాళ్ళు శనివారం మొదలు. చర్చి ముందు మా చోటు మాకే ఉంచారు. పక్కన ఎప్పటిలాగే ఒడీల్, తన పిండి ఉండలు వేయించే బండితో. నేను లారీ దిగకముందే మొదలుపెట్టాడు.

"ఏం నెల్, నీ గుర్రాలు ఇంకా బతికే ఉన్నాయా?"

"నీ మూకుట్లో నూనె మార్చిన రోజున చెబుతా."

ఏటా ఇదే పలకరింపు. ఇది లేకపోతే ఊరు వచ్చినట్టే ఉండదు.

రంగులరాట్నం బిగించేసరికి పొద్దు వాలింది. గుర్రాలన్నీ తుడిచాను, పిల్లలు కూర్చునే హంస మెడకి కొత్త రంగు వేశాను. అమ్మ మేముండే బండిలో భుజానికి వేడి కాపడం పెట్టుకుంటోంది. ఒకసారి తిప్పి చూద్దామని ఆకుపచ్చ బటన్ నొక్కాను. మోటారు మూలిగింది. అంతే. తిరగలేదు. మళ్ళీ నొక్కాను, మళ్ళీ మూలుగు. మూడోసారికి కాలిన వార్నిష్ వాసన వచ్చింది. భయపడి వేలు తీసేశాను.

బండి కిటికీలోంచి అమ్మ అడిగింది.

"ఏమే, తిరుగుతోందా?"

"భేషుగ్గా తిరుగుతోందమ్మా."

ఎందుకు అబద్ధం చెప్పానో నాకు తెలుసు. ఈస్టర్ తిరునాళ్ళలో బెల్టు తెగి పూటంతా పోయినప్పుడు అమ్మ అంది: "ఇంకొక్కసారి ఇది మొరాయించిందా, మోరిస్‌కి ఇచ్చేస్తా." మోరిస్‌కి సముద్రపు ఒడ్డున ఐస్‌క్రీం దుకాణం ఉంది. మా రాట్నాన్ని తన వాకిట్లో పెట్టుకోవాలని రెండేళ్ళుగా మా వెంట పడుతున్నాడు. పిల్లలు ఐస్‌క్రీం నాకుతూ బటన్ నొక్కుతారట, అది తిరుగుతుందట. నా గుర్రాలు! తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. నడక నేర్చినప్పటినుంచి నేను దీని చుట్టూనే తిరుగుతున్నాను. ఇది పోతే నేనేం చేయాలి? మోరిస్ దగ్గర కోన్లు అమ్మాలా?

అమ్మకి తెలియకూడదు.

ఆగస్టు 13, గురువారం

అమ్మ మార్కెట్‌కి వెళ్ళగానే చెక్కలు ఎత్తి మోటారు విప్పాను. లోపల చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది. మోటారుకి మొదటి ఊపు ఇవ్వడమే దాని పని. వేగం అందుకోగానే అదే పక్కకి తప్పుకుంటుంది. దాని మొనలు రెండూ కాలి బొగ్గయి ఉన్నాయి. అంటే మోటారు బాగానే ఉంది, మొదటి అడుగు వేయించేవాడే లేడు.

పట్నంలో మోటార్లు బాగుచేసే బాస్టియాన్ దగ్గర ఆ స్విచ్ ఉంటుంది. సైకిలు మీద వెళ్ళాను. తలుపు మీద కాగితం: "సెలవులు. సముద్రానికి వెళ్ళాం." ఈ దేశంలో ఆగస్టు నెలలో మోటారు చెడకూడదు, పన్ను నొప్పి రాకూడదు, మనిషి చావకూడదు. బాస్టియాన్ చెల్లెలు మేడ మీంచి తల బయటపెట్టి చెప్పింది.

"సోమవారం లిందెవెల్దెలో సైకిలు పందెం కదా, ఆకాశం విరిగిపడ్డా దానికి వస్తాడు. స్విచ్ తెమ్మని చెబుతాలే."

సోమవారం అంటే తిరునాళ్ళ ఆఖరి రోజు.

ఒడీల్‌కి చెప్పక తప్పలేదు. అతను పిండి చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంటూ రాట్నాన్ని ఒక తట్టు తట్టాడు.

"మీ నాన్న ఉన్నప్పుడు ఒకసారి ఇలాగే అయింది. తోసి, తిరుగుతుండగా బటన్ నొక్కేవాడు."

ఇద్దరం చెరో గుర్రం స్తంభం పట్టుకుని తోశాం. మొదట కదలనని భీష్మించింది, తర్వాత జరిగింది, తర్వాత పరిగెత్తింది. నేను పరిగెత్తుకెళ్ళి బటన్ నొక్కాను. మోటారు ఒక్కసారి ఉలిక్కిపడి అందుకుంది. తిరిగింది! ఒడీల్ నేల మీద కూలబడి, తను పిండి ఉండలవాడేగానీ ఎద్దు కాదని గుర్తు చేశాడు.

ఒకటే జాగ్రత్త. నిలబడి ఉన్నప్పుడు బటన్ నొక్కకూడదు. నొక్కి పట్టుకుంటే మోటారు కాలిపోతుంది, దాంతో అన్నీ అయిపోతాయి.

అమ్మ తిరిగొచ్చి నా మొహం చూసింది. "ముక్కు మీద గ్రీజు అంటింది" అంది. అంతే. ఏమీ కనిపెట్టలేదు.

ఆగస్టు 14, శుక్రవారం

నడుం లేవడం లేదు. రేపు పిల్లలు ఎక్కుతారు, బరువు రెట్టింపు. ఒడీల్ రేపు మూకుడు వదిలి రాలేడు. అమ్మకి ఏమీ తెలియదు, అదొక్కటే మేలు.

ఆగస్టు 15, శనివారం, మరియమాత పండుగ

ఎక్కడ మొదలుపెట్టాలి!

పొద్దున మరియమాత ఊరేగింపు వెళ్ళేదాకా సంగీతం పెట్టకూడదు, ఏదీ తిప్పకూడదు. విగ్రహం చర్చిలోకి వెళ్ళి తలుపు పడగానే పిల్లలంతా ఒక్క పెట్టున మీద పడ్డారు. అన్ని గుర్రాలూ నిండిపోయాయి, హంసలో ముగ్గురు. అమ్మ తన ఎత్తు స్టూలు మీద కూర్చుని కుచ్చు తాడు సర్దుకుంటోంది. రాట్నం తిరుగుతుంటే పిల్లల తలల మీద ఎర్ర ఊలు కుచ్చుని ఆడించడం అమ్మ పని. దాన్ని ఎగిరి లాక్కున్న బిడ్డకి తర్వాతి చుట్టు ఉచితం. ఆ తాడు ఇన్నేళ్ళలో ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఒకసారి జ్వరంతో కూడా ఊపింది.

నేను బటన్ దగ్గర నిలబడ్డాను, దొంగకు తేలు కుట్టినట్టు. అందరూ ఎదురుచూస్తున్నారు. మా తిరునాళ్ళలో తండ్రులు ఏం చేస్తారు? చేతులు జేబుల్లో పెట్టుకుని వరసగా నిలబడతారు, బీరు దుకాణం ఎంత దూరమో చూపులతో కొలుస్తారు. ముందు వరసలో కసాయి కమీల్ ఉన్నాడు. అతని చేతులు మా గుర్రాల నడుములంత ఉంటాయి. నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో తెలియదు.

"కమీల్ గారూ, మీ అమ్మాయి గుర్రాన్ని మీరే పరిగెత్తించకూడదూ?"

"నేనా? మోటారు ఏమయింది?"

"మోటారు ఉందిలెండి. నాన్న తోస్తే ఆ సరదా వేరు. అయినా మీ వల్ల అవుతుందో లేదో..."

ఆ చివరి మాట చాలు. కమీల్ కోటు విప్పి భార్య చేతిలో పెట్టాడు. అతను విప్పాడని పక్కనున్న ఇద్దరూ విప్పారు. తోశారు. నేను నొక్కాను. మోటారు అందుకుంది. పిల్లలు కేరింతలు కొట్టారు. కమీల్ తన కూతురు గిర్రున తిరిగి వచ్చిన ప్రతిసారీ, ఆ తిప్పుతున్నదంతా తనే అన్నట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

రెండో చుట్టుకి నాకు తెలివి వచ్చింది. మైకులో చెప్పాను: "కుచ్చు అందుకున్న బిడ్డకి ఉచితంగా ఇంకో చుట్టు! ఆ బిడ్డ నాన్నకి రాట్నం తోసే హక్కు, సాయానికి తనకి నచ్చిన వాళ్ళని పిలుచుకోవచ్చు!"

ఇక చూడాలి. సాయంత్రానికి వంతుల కోసం పోట్లాటలు. రొట్టెల దుకాణం రేచెల్ వచ్చి నా మొహం మీదే అడిగేసింది.

"హక్కు నాన్నలకేనా? పొద్దున్నే బస్తాలు మోసేది ఎవరనుకున్నావ్? మా ఆయన మోస్తాడా?"

ఆమె తోస్తే ఇద్దరు మగవాళ్ళు తోసినంత. పెళ్ళికాని పోస్టుమాన్ తోయడానికి వీలుగా ఉంటుందని అక్క కూతుర్ని అరువు తెచ్చుకున్నాడు. ఆ పిల్లకి గుర్రాలంటే భయం, హంసలో కూర్చుని ఏడ్చింది. అయినా అతను వదల్లేదు.

ఒక చిత్రం. ఈ రోజు కుచ్చు బలమైన వాళ్ళ పిల్లలకే చిక్కింది. ఫాదర్ గారి తోటమాలి కొడుకు రెండుసార్లు, కమీల్ కూతురు మూడుసార్లు. సన్నగా ఉండే అద్దాల టీచరుగారి కొడుకు ఎంత ఎగిరినా కుచ్చు వేలికి తగిలి జారిపోయింది. అదృష్టం నా వైపు ఉంది.

కాఫీ వేళ అమ్మ అడిగింది.

"ఇదేం కొత్త వేషమే?"

"జనం సరదాపడుతున్నారమ్మా."

"ఊఁ. సరదా." కాఫీ ఊదుకుంది. "లావుపాటి వాళ్ళని ఎదురెదురుగా పెట్టు. ఒకే పక్కన పెడితే ఇరుసు అరుగుతుంది. ఊరికే నిలబెట్టకు, ఒడీల్‌ని అడిగి తలా ఒక ఉండ పెట్టించు."

పెత్తనం చేయడం అమ్మకి అలవాటు. ఏమీ తెలియదు పాపం.

ఆగస్టు 16, ఆదివారం, మధ్యాహ్నం

నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పి పుడుతున్నాయి. మరిచిపోకముందే రాయాలి.

పూజ అవగానే ఊరి బ్యాండు మేళం చర్చి మెట్ల మీద వాయించి, నేరుగా బీరు దుకాణానికి పోయి, అక్కడినుంచి మా దగ్గరికి వచ్చింది. యూనిఫారాలు, బంగారు గుండీలు, టోపీలు వంకర. పెద్ద డోలు వాయించేవాడి కూతురికి కుచ్చు దొరికింది. అతను మేళం మొత్తాన్నీ సాయం పిలిచాడు. వాయిద్యాలు గడ్డి మీద పెట్టి, ఒక్క కేక వేసి తోశారు. అటు నుంచి ఇటు తోయాల్సింది, ఇటు నుంచి అటు తోశారు!

"ఆగండి!" అని నేను అరిచేలోపే వేగం అందుకుంది. ఆ కంగారులో, చేయి అలవాటు పడి బటన్ నొక్కేసింది. స్విచ్ చెడిన మోటారుకి కుడి ఎడమలు తెలియవు. ఎటు నెడితే అటే పోతుంది. గుర్రాలన్నీ తోకలు ముందుపెట్టి వెనక్కి పరిగెత్తాయి. హంస తన వీపుతో ఊరిని తోసుకుంటూ పోయింది. పిల్లలు మొదట బిక్కచచ్చి, తర్వాత చెవులు చిల్లులు పడేలా అరిచారు. వాళ్ళ పుట్టుకలో ఇంత గొప్ప విషయం జరగలేదు. తల్లులు ముక్కున వేలేసుకున్నారు. డోలువాడు టోపీ తీసి నాకు వంగి దండం పెట్టాడు, ఏదో కచేరీ ముగించినట్టు.

నేను భయంగా అమ్మ వైపు చూశాను. అమ్మ స్టూలు మీద వెనక్కి తిరిగి కూర్చుని, ఎడమ చేత్తో కుచ్చు ఊపుతోంది. నవ్వుతోంది. ఊరికే కాదు, భుజం పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. నాన్న పోయాక అమ్మ అలా నవ్వగా నేను చూడలేదు.

తర్వాత వచ్చిన ప్రతి పిల్లా "వెనక్కి! వెనక్కి!" అని గోల. వరస రేచెల్ దుకాణం దాకా పోయింది. చుట్టు చుట్టుకీ మధ్య జనం మా చుట్టూ నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. అమ్మతో మాట్లాడుతున్నారు. ఎవరి పళ్ళు ఎప్పుడు ఊడాయో, ఎవరి తాత ఏ గుర్రం మీంచి పడ్డాడో, అమ్మకి అన్నీ గుర్తే.

ఈ లెక్కన సోమవారం దాకా నెట్టుకొస్తాం. బాస్టియాన్ వస్తాడు, స్విచ్ వేస్తాను, అమ్మకి తెలియకుండానే గండం గడుస్తుంది. నేను మరీ అంత తెలివితక్కువదాన్ని కాదు.

అదే రోజు, సాయంత్రం

మోరిస్ వచ్చాడు.

లేత గోధుమరంగు సూటు. ఒడీల్ దగ్గర పిండి ఉండలు కొనుక్కుని, పంచదార పొడి సూటు మీద రాలకుండా ముందుకి వంగి తింటూ గుర్రాల్ని చూస్తున్నాడు. నన్ను చూసి మొహం వికసించింది.

"నెల్ గారూ, రేపు సాయంత్రం లారీ తెస్తున్నా. పందెం అయ్యాక వస్తే చాలా?"

"లారీ ఎందుకు?"

"అదేంటి, అమ్మగారు చెప్పలేదా? ఈస్టర్‌కే చేయి కొట్టాం కదా. ఈ తిరునాళ్ళ దాకా ఉంచుకుంటానన్నారు, సరేనన్నా."

చేయి కొట్టారు. పశువుల సంతలో మా తాతల కాలం నుంచి ఇదే పద్ధతి. అరచేతిలో అరచేయి చరిచారంటే బేరం అయిపోయినట్టే, కాగితం అక్కర్లేదు. ఆ తర్వాత దేవుడు దిగివచ్చినా మార్చలేడు. కొన్న గుర్రం కుంటిదని తేలితే తప్ప చేయి వెనక్కి తీసుకోవడం ఉండదు. మాట తప్పినవాడికి మా ఫ్లాండర్స్ ప్రాంతంలో ఏ తిరునాళ్ళలోనూ చోటివ్వరు.

"ఇంకొక్కసారి మొరాయిస్తే" అని నాతో అన్నప్పటికే అమ్మ చేయి కొట్టేసింది.

మోరిస్ వెళ్తూ వెళ్తూ నల్ల గుర్రం చెవి దగ్గర రంగు లేచిందని చూపించాడు. దాన్ని పోలిన రంగు తన దగ్గర ఉందన్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకునేదాన్ని.

అమ్మని ఏమీ అడగలేదు. ఏమని అడుగుతాను? నేను మోటారు దాచాను, అమ్మ బేరం దాచింది. ఇద్దరం ఒకే బండిలో కూర్చుని సూప్ తాగాం. "ఉప్పు తక్కువైందా?" అంది. లేదన్నాను. ఏడుపొచ్చింది. బట్టలు ఆరేసే నెపంతో బయటికి వెళ్ళి ఏడ్చాను.

ఆగస్టు 17, సోమవారం, పొద్దున

బాస్టియాన్ వచ్చాడు. ఎండకి ముక్కు ఊడిపోయేలా కాలింది. చేతిరుమాలులో చుట్టిన స్విచ్ నా చేతిలో పెట్టి, సైకిళ్ళని చూడటానికి పరిగెత్తాడు.

నేను చెక్కలు ఎత్తి కూర్చున్నాను. మోరిస్ బేరం సంగతి ఒడీల్‌కి రాత్రే చెప్పాను. వంగి చూశాడు.

"ఏం చేస్తున్నావ్?"

"స్విచ్ వేస్తున్నా."

"నీకు మతి పోయిందా? కుంటి గుర్రాన్ని ఎవడూ కొనడు! దాన్ని అలాగే ఉండనీ. సాయంత్రం మోరిస్ బటన్ నొక్కుతాడు, అది మూలుగుతుంది, చేయి వెనక్కి తీసుకుని పోతాడు. దేవుడే ఇచ్చిన వరం కదే!"

నేను ఆలోచించనిదా? తెల్లవార్లూ అదే ఆలోచించాను. కానీ కుదరలేదు. ఇది నాన్న బిగించిన మోటారు. దాని మీద కుంటిదనే పేరు వేసి, ఏ మూలో కుళ్ళిపోతుంటే చూస్తూ ఉండలేను. పోతే పోతుంది. ఆరోగ్యంగా పోనీ.

"నువ్వూ, నీ పౌరుషమూ" అన్నాడు ఒడీల్. "మీ నాన్న పోలికే."

బిగించి, ఒకసారి నొక్కాను. ఎవరూ తోయకుండానే, మొదటి రోజు పెళ్ళికూతురిలా మెల్లగా కదిలి, తనంతట తను తిరిగింది. ఇంత అందంగా తిరిగితే ఎంత బాధగా ఉంటుందో నాకు ఇప్పటిదాకా తెలియదు. వెంటనే ఆపేశాను.

తల ఎత్తితే బండి కిటికీలో అమ్మ. చేతిలో కాఫీ. ఎంతసేపటినుంచి చూస్తోందో! కర్టెను లాగేసింది.

సోమవారం, సాయంత్రం

నెమ్మదిగా రాయాలి.

మధ్యాహ్నమంతా మళ్ళీ తోయించాను. బటన్ బాగైందని చెప్పడానికి నోరు రాలేదు. మూడు రోజులుగా వంతు దొరకని టీచరుగారికి ఈ రోజు దొరికింది, కుచ్చు వాళ్ళ అబ్బాయి చేతిలో దానంతటదే వచ్చి పడింది. ఆయన చొక్కా చేతులు మడిచి, అద్దాలు తీసి జేబులో పెట్టుకుని తోసిన తీరు చూసి, ఇంకా చెబుదామనుకున్న మాట మింగేశాను.

పందెం ముగిసింది. జనమంతా చర్చి ముందుకి వచ్చారు. లారీ వచ్చింది. మోరిస్ దిగాడు. బేరం వార్త ఒడీల్ నోట్లోంచి పొద్దున్నే ఊరంతా పాకిందని వాళ్ళ మొహాలు చూస్తేనే తెలిసింది. గుర్రాల మీద పిల్లలు ఎక్కి కూర్చున్నారు. చుట్టూ అలవాటు కొద్దీ కమీల్, తోటమాలి, పోస్టుమాన్, రేచెల్, టీచరుగారు, బ్యాండు మేళంలో సగం మంది, తలా ఒక స్తంభం పట్టుకుని నిలబడ్డారు.

అమ్మ స్టూలు దిగింది. అందరికీ వినపడేలా అంది.

"మోరిస్, నేను ఇచ్చిన మాట బటన్ నొక్కితే తిరిగే రాట్నం గురించి. అవునా?"

"అవునండి పల్మీర్ గారూ."

"అయితే నువ్వే వచ్చి నొక్కి చూసుకో. తిరిగిందా, నీది. తిరగలేదా, నా చేయి నాకు ఇచ్చెయ్."

"న్యాయంగా ఉంది" అన్నాడు మోరిస్.

పొద్దున తిరగడం అమ్మ కళ్ళారా చూసింది. మాట నిలబెట్టుకోవడానికే ఇదంతా. నా వైపు చూడను కూడా చూడలేదు. మోరిస్ ఎక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చేయి రుమాలుతో తుడుచుకుని, ఆకుపచ్చ బటన్ నొక్కాడు.

మోటారు మూలిగింది. రాట్నం కదల్లేదు.

స్విచ్ తప్పు బిగించానా? వైరు ఊడిందా? పొద్దున తిరిగింది కదా! అప్పుడు కమీల్ ముంజేతి మీద నరాలు కనిపించాయి, తాళ్ళలా తేలి ఉన్నాయి. పోస్టుమాన్ మడమలు రాళ్ళ సందులో తన్నిపెట్టి ఉన్నాయి. రేచెల్ హంస మెడని కావలించుకుని, చెంప దానికి ఆనించి, కళ్ళు మూసుకుంది. టీచరుగారి మొహం బీట్‌రూట్ దుంప. ఒడీల్ మూకుడు వదిలేసి వచ్చి చివరి గుర్రం తోక పట్టుకుని వేలాడుతూ ఆకాశంలోకి చూసి ఈల వేస్తున్నాడు. మూడు రోజులు తోసిన వాళ్ళంతా ఇప్పుడు పట్టుకుని ఆపుతున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. గుర్రాల మీద పిల్లలు కూడా గప్‌చిప్.

మోరిస్ వేలు ఇంకా బటన్ మీదే ఉంది. వార్నిష్ వాసన వచ్చింది.

"తీయండి! తీసెయ్యండి, కాలిపోతుంది!" అని కేక పెట్టి అతని చేయి లాగేశాను. అది నటన కాదు. ఇంకాసేపు ఉంటే నిజంగానే మోటారు బూడిదయ్యేది.

మోరిస్ అదిరిపోయి వెనక్కి జరిగాడు. "ఇలా... ఎప్పటినుంచి అండీ?"

నేను బటన్‌కి చేయి అడ్డం పెట్టాను.

"బుధవారం నుంచి" అంది అమ్మ.

బుధవారం నుంచి! నేను నొక్కిన మొదటి క్షణం నుంచి. లావుపాటి వాళ్ళని ఎదురెదురుగా పెట్టమన్నప్పుడు, కుచ్చు కమీల్ కూతురు చేతికే అందించినప్పుడు, అన్నీ తెలిసే. నేను తాడిని తన్నేదాన్నయితే మా అమ్మ నా తల తన్నేది.

మోరిస్ కళ్ళు నెమ్మదిగా ఆ చేతులన్నిటి మీదా తిరిగాయి. కమీల్ ముంజేయి, రేచెల్ వేళ్ళు, గుర్రం తోక మీద ఒడీల్ పిండి గుర్తులు. చాలాసేపు చూశాడు. అతను మూర్ఖుడు కాదు. తర్వాత కిందికి దిగి, అమ్మ ముందు అరచేయి చాపాడు.

"కుంటి గుర్రం, పల్మీర్ గారూ. మీ చేయి మీకు ఇచ్చేస్తున్నా."

అమ్మ తన అరచేతిని అతని అరచేతి మీద పెట్టి వెనక్కి లాగి, ఏప్రాన్‌కి తుడుచుకుంది. అంతే, బేరం రద్దు. జనం ఒక్కసారి ఊపిరి వదిలారు. బ్యాండులో ఎవడో ఆగలేక డోలు మీద ఒక దెబ్బ వేశాడు.

మోరిస్ సూటు కోటు విప్పుతూ అడిగాడు.

"పోనీ, నన్ను ఒకసారి తోయనిస్తారా?"

"నీకు బిడ్డలెవరు?" అంది అమ్మ.

పోస్టుమాన్ అక్క కూతుర్ని తెచ్చి అతనికి అరువిచ్చాడు. ఈసారి పిల్ల ఏడవలేదు.

జనం వెళ్ళాక అమ్మా నేనూ హంసలో కూర్చున్నాం. అడిగేశాను.

"తెలిస్తే ఎందుకు చెప్పలేదు? చేయి ఎందుకు కొట్టావు?"

"ఎవరికీ అక్కర్లేదనుకున్నానే. ఈ మధ్య తల్లులు పిల్లల్ని ఎక్కించి గడియారం చూసుకుంటూ నిలబడుతున్నారు. నాతో 'బాగున్నావా' అనేవాడు లేడు. నీ కాలమైనా దీని మీద పోకుండా ఉంటే చాలనుకున్నా." అమ్మ భుజం రుద్దుకుంది. "ఈ మూడు రోజులూ ఎవడూ గడియారం చూడలేదు."

"మరి పొద్దున నేను బాగుచేస్తుంటే ఆపలేదేం?"

"నువ్వు బాగుచేయకపోయి ఉంటే నేనే అమ్మేసేదాన్ని. దాన్ని కుంటిదిగా ఉంచుకునే మనిషికి నేనెలా ఇస్తాను?"

"మరి వాళ్ళకి పట్టుకోమని ఎవరు చెప్పారు?"

అమ్మ ఒడీల్ పంపిన ఉండ ఒకటి నోట్లో వేసుకుంది, మిగతావన్నీ నాకే వదిలేసింది.

ఆగస్టు 18, మంగళవారం

అన్నీ విప్పి లారీలో సర్దాం. తర్వాతి ఊరికి వెళ్ళాక బటన్ పనిచేస్తుందని ఎవరితోనైనా అన్నానంటే ఊరుకోనని అమ్మ హెచ్చరించింది.